తొండకు వెచ్చదనం, పెంటమ్మకు బిల్లు

అన్యాయం జరిగింది ఎవరికి? పెంటమ్మకు. ఎలా జరిగింది? మేడమీద ఒక తొండ చలి కాచుకుంటే, ఆ కరెంటు ఖర్చులో మూడో వంతు కింద రేకుల గదిలో ఉండే పెంటమ్మ నెత్తిన పడింది.

అయినప్పటికీ, చదువరులారా, ఈ రోజు నేను తొండ పక్షాన వాదించబోతున్నాను. ప్రతి ఇంటా ఒక తొండ ఉండాలి, దానికొక హీటరు ఉండాలి అని ఘంటాపథంగా చెప్పబోతున్నాను!

మహబూబాబాదులోని మా ఇంటికి మీటరు ఒక్కటే. వాటాలు మూడు. కింద నేను. మేడమీద హరీష్, జనగామ నుంచి వచ్చి ఇక్కడ మొబైల్ షాపులో రిపేర్లు చేస్తాడు, ఆస్ట్రేలియా జాతి తొండనొకదాన్ని పెంచుకుంటాడు. వెనుక రేకుల గదిలో పెంటమ్మ. కొత్తగూడ నుంచి వచ్చి మిర్చి యార్డులో తొడిమలు తీస్తుంది. నెలనెలా బిల్లు రాగానే దాన్ని మూడు సమాన భాగాలు చేసి, ఎవరి భాగం ఎంతో చీటీ రాసి తలుపులకు అంటిస్తాను. సమానంగా పంచడమే న్యాయమని కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పారు. తొమ్మిదేళ్లుగా ఆ న్యాయానికి ఒక్క పైసా లోటు రానివ్వలేదు.

డిసెంబరు బిల్లు వచ్చిన రోజు పెంటమ్మ ఆ చీటీ పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది.

"ఆరు వందలా అమ్మా? తొండకు సుతం నేనే కట్టాల్నా? నాకు సలి పెడితే సెద్దరు కప్పుకుంట. దానికి సెద్దరు లేదా?"

నాకు నెత్తురు మరిగింది. మే నెలలో కురవి రోడ్డు మీద నిలబడితే మనిషే వేగిపోయే జిల్లాలో తొండకు హీటరా! భూపాలపల్లిలో భూమిని తవ్వి బొగ్గు తీసేదీ, ఆ బొగ్గును మండించి కరెంటు చేసేదీ, చివరికి ఒక తొండ వీపు కాగడానికా? విచారణ జరపాలని నిశ్చయించుకుని మెట్లెక్కాను. పెంటమ్మ సాక్షిగా నా వెంట వచ్చింది.

అద్దాల పెట్టెలో రాయి మీద కూర్చుని ఆ ఆస్ట్రేలియా తొండ నన్ను తల నుంచి పాదం దాకా చూసింది. గొంతు కింది ముళ్ల గడ్డం ఉబ్బించింది. భయపడే జాతి కాదని తెలిసింది.

"దీనికి కాగితాలున్నాయా?" అన్నాను.

హరీష్ రిజిస్ట్రేషన్ పత్రం తీసి చూపించాడు. నా ఇంటి మెట్లకు కూడా అంత సక్రమమైన కాగితాలు లేవు. విషయం మార్చాను.

"పొద్దంతా ఈ హీటరు లైటు వెలుగుతూనే ఉంటుందా?"

"ఉండదు మేడమ్. గిది థర్మోస్టాట్. గీ వైరు కొసకున్న గింజ లోపల వేడి ఎంతుందో చూస్తది. రాయి కాడ నలభై డిగ్రీలు దాటితే లైటు తనంతట తనే బంద్ అయితది. అటు మూల సల్లగుంటది. వేడి ఎక్కువైతే తొండ గటు పోతది. ఎండాకాలం లైటు ఎలిగేదే తక్కువ."

లైటు చుట్టూ జాలీ ఉంది, తొండ ఒళ్లు కాలకుండా. వైరు గింజను క్లిప్పుతో బిగించాడు, అది జారి బయట పడితే హీటరు ఆగదని. పక్కన గుడ్డ ముక్క గానీ కాగితం గానీ లేదు. చూశారా ఈ క్రమశిక్షణ! రఘునాథపల్లిలో ఏ బావి మోటారుకు ఇంత కంట్రోలు ఉంది? ఆఫీసుల్లో ఖాళీ కుర్చీలకు గాలి విసిరే ఫ్యాన్లకు ఉందా? సభల్లో మైకు వదలని వక్తలకు ఈ గింజను బిగిస్తే, నిర్ణీత వేడి దాటగానే బంద్! దేశానికి ఎంత ఆదా!

"మాటలు వద్దు. లెక్క చూపించు" అన్నాను.

గోడ ప్లగ్గుకూ హీటరుకూ మధ్య ఉన్న చిన్న మీటరు చూపించాడు. ఎంత కరెంటు కాలిందో అందులో అంకెలు పడతాయి. తొండ రోజు ఖర్చు ముప్పావు యూనిట్.

"గంతేనా?" అంది పెంటమ్మ. "మరి మిగిలింది ఎవరు తిన్నరు పిలగా?"

చాలా న్యాయమైన ప్రశ్న! ఆ ప్లగ్ మీటరును స్వాధీనం చేసుకుని, ఇంట్లోని ప్రతి వస్తువుకూ ఒక రోజు చొప్పున తగిలించాలని ఆజ్ఞాపించాను. ముందు పెంటమ్మ గది: ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక ఫోను. రోజుకు ముప్పావు యూనిట్. తొండతో సమానం. తరువాత హరీష్ వాటా: తొండతో కలిపి ఒకటిన్నర యూనిట్లు.

చివరగా నా వాటా. పొద్దున ఐదింటికి గీజరు వేస్తాను. ప్రార్థన, కాఫీ, పేపరు ముగించి ఎనిమిదింటికి స్నానానికి వెళ్తాను. ఆ మూడు గంటలూ ఆ నీళ్లు నా కోసం కాగుతూ, ఆగుతూ, మళ్లీ కాగుతూ ఉంటాయి. ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటారు కూడా కలిపితే రోజుకు ఏడు యూనిట్లు.

హరీష్ అంకె చదివి నేల చూశాడు. పెంటమ్మ మాత్రం నన్నే చూసింది.

"అమ్మా, గిన్నేండ్ల సంది నేను సాకింది తొండను కాదన్నట్టు."

చదువరులారా, నేను అనవసరంగా న్యాయం కోరే మనిషిని కాను. దొరికితే వదిలే మనిషినీ కాను. పాత బిల్లులన్నీ దారానికి గుచ్చి దాచే అలవాటు నాకుంది. తొమ్మిదేళ్ల బిల్లులు నేల మీద పరిచి, వేసవిలో నా ఏసీని కూడా దాచకుండా లెక్క వేశాను. పెంటమ్మ నా వేడి నీళ్లకూ, నా చల్లగాలికీ ఎక్కువగా కట్టిన మొత్తం ముప్పై ఒక్క వేల ఎనిమిది వందల రూపాయలు. సిస్టర్లు సమానంగా పంచమన్నారు, నిజమే. కానీ ముగ్గురం తిన్న రొట్టె సమానం కానప్పుడు ఏం చేయాలో నేను వారిని అడగలేదు.

హరీష్ ఎక్కువ కట్టింది అతని అద్దెలో తగ్గించాను. వెనుక గదికి వేరే మీటరు పెట్టించాను. నెలకు రెండు వందల యూనిట్లలోపు వాడే పేదలకు సర్కారు కరెంటు ఉచితం కనుక, ఇప్పుడు పెంటమ్మకు జీరో బిల్లు వస్తోంది. ఆ చీటీని ఆమే తన తలుపుకు అంటించుకుంటోంది. నా గీజరుకు టైమరు బిగించాం. పావుగంట దాటితే దాని నోరు మూతపడుతుంది.

డబ్బు కవరు అందించినప్పుడు పెంటమ్మ మొహమాటపడుతుందని అనుకున్నాను. పడలేదు. నా గుమ్మంలోనే కూర్చుని, వేలు తడి చేసుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టింది.

"సరిగ్గున్నయమ్మా" అని కొంగున ముడేసుకుంది. "ఇగ తొండ మీద కోపం లేదు."