బుధు మంట, ధనుంజయ్ లైట్లు

ఆ ఉదయం ధనుంజయ్ వేసుకున్న పథకం చాలా సులువైనది. మధ్యాహ్నంలోగా స్టేజీ లైట్లకు ప్రోగ్రాం ఎక్కించేసి, కడుపునిండా తిని, హాయిగా పడుకోవడం. అరకు రిసార్టు యజమాని సర్వేశ్వరరావు ముందే చెప్పేశాడు: సాయంత్రం పార్టీ అదిరితే ఈ చలికాలం పార్టీలన్నీ ధనుంజయ్‌వే, తేడా వస్తే తిరిగి విజయనగరం బస్సెక్కడమే.

గిరిజనుల థింసా ఆట మొదలైనప్పుడు నీలం, ఊపందుకోగానే ఎరుపు, చివర్లో అన్నీ. ఒక్కో బటన్‌కు ఒక్కో రంగు కుదిర్చాడు. బోర్డు మీద పడిన మంచును చొక్కా చేత్తో ముద్దుగా తుడిచి తలెత్తాడో లేదో, రంగులన్నీ ఇష్టారాజ్యంగా గంతులేయడం మొదలుపెట్టాయి.

"ఎవుడ్రా నా బోర్డు ముట్టుకున్నాడు?"

ఎవడూ లేడు. స్టేజీ వెనక బుధు తాత మంటకు డప్పు కాచుకుంటూ, తోలు బిగిసిందో లేదోనని కొట్టి చూసుకుంటున్నాడు. పక్కన థింసా ఆడే రత్నాలు కొప్పులో పువ్వులు పెట్టుకుంటోంది.

"పిన్నీ, నువ్వేనా నొక్కింది?"

"నానెందుకు నొక్కుతాన్రా? నీ డబ్బా పాడైతే నామీద పడతావేటి?"

మళ్లీ ఎక్కించాడు. మళ్లీ గంతులే. వైర్లు పీకి పెట్టాడు, మరలు విప్పి ఊది బిగించాడు. ఊహూఁ! భోజనం కూడా పోయింది. మనిషన్నవాడికి ఒళ్లు మండదూ? అంతలో గాలి తిరిగి పొగ మొహాన కొట్టింది. దొరికాడు దొంగ!

"నీ పొగంతా నా మిషన్లోకి ఎల్తంది తాతా!" అంటూ బిందెడు నీళ్లు మంటలో కుమ్మరించాడు. డప్పు మీద బుధు చెయ్యి ఆగింది. లైట్లూ ఠక్కున ఆగాయి.

"సూసావా? నాను సెప్పలేదా!"

"కాగకపోతే డప్పెలా మోగుద్ది?" బుధు విసవిసా వెళ్లిపోయాడు. ధనుంజయ్ తృప్తిగా నిద్రపోయాడు.

సాయంత్రం మంచు దిగింది. చల్లబడ్డ డప్పు తడిగోనె మీద కొట్టినట్టు బొదబొదమంది. లైట్లు నీలం దగ్గరే బిగుసుకుపోయాయి. ఏ బటన్ నొక్కినా కదలవు.

"ఏవయ్యా, ఇది పార్టీయా, మార్చురీయా?" సర్వేశ్వరరావు గయ్యిమన్నాడు.

"నన్నంటారేటండీ? ఆ డప్పు..."

"మంటలో నీళ్లెవుడు పోసాడో అడగండి!" రత్నాలు స్టేజీ మీంచే అందుకుంది.

సర్వేశ్వరరావు అప్పటికప్పుడు కట్టెలు తెప్పించి మంట వేయించాడు. బుధు నింపాదిగా డప్పు కాచి, ఒక్క దెబ్బ వేశాడు. ఎరుపు! రెండో దెబ్బకు పచ్చ! దరువు హోరెత్తేసరికి ప్రతి దెబ్బకూ ఓ రంగు. అతిథులు కుర్చీలు వదిలి థింసా వరసలో కలిసిపోయారు.

"అబ్బ, ఏం ప్రోగ్రాం చేశావయ్యా! సీజనంతా నీదే!" సర్వేశ్వరరావు భుజం తట్టాడు.

ధనుంజయ్ బోర్డు వంక చూశాడు. చప్పుడును బట్టి లైట్లు మారేలా చేసే బటన్ ఓ మూల వెలుగుతోంది. పొద్దున్న మంచు తుడిచిన చెయ్యే దాన్ని నొక్కేసింది. నిజం చెబుదామని తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు.

ఆ చలికాలమంతా ధనుంజయ్ ప్రతి పార్టీకీ లైట్ల కంటే ముందు కట్టెలు దింపాడు.