ఘాటీలో ఎక్కిన వేడి

ఆదివారం ఉదయం తిరుమలరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. రాయగడలో కాఫీ తాగి, తండ్రినాటి తెల్ల అంబాసిడర్‌లో భార్యను ఎక్కించుకుని, భోజనాలవేళకు కొరాపుట్ చేరాలి. అక్కడ తోడల్లుడు గణపతిరావు మనవడికి అన్నప్రాశన. చిక్కల్లా భార్య భారతీదేవితోనే. ఆవిడ అక్క పుణ్యవతే గణపతిరావు భార్య. వాళ్ల కొడుకు పెళ్లి శుభలేఖలో తిరుమలరావు పేరు పడలేదు. అప్పటినుంచీ అక్కచెల్లెళ్లకు మాటల్లేవు.

"వస్తాను. పిల్లాణ్ని సూస్తాను. మా అప్పతో మాత్రం మాటాడను," అంది ఆవిడ కారెక్కుతూ.

తిరుమలరావుకు ఆ మాట చెవికెక్కలేదు. ఆయన ధ్యాసంతా ఇంజన్ వేడి చూపించే ముల్లు మీదే ఉంది. ఈ చలికాలమంతా ఎంత దూరం నడిపినా అది అడుగునుంచి లేవలేదు. వేడెక్కాక మాత్రమే నీళ్లకు దారి తెరవాల్సిన థర్మోస్టాట్ తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయి, ఇంజన్ వేడెక్కకముందే నీళ్లు రేడియేటర్‌కు పారిపోతున్నాయని ఫోన్‌లో వీడియోలు చూసి తేల్చుకున్నాడు. కొత్తది కొని, నిన్ననే తన చేతులతో బిగించాడు.

"సూసేవా! ముల్లు లేస్తంది!" అన్నాడు ఊరు దాటగానే.

"బాగుందండి."

కొండదారి ఘాటీ ఎక్కుతుండగా మళ్లీ అన్నాడు. "సూసేవా! నడిమికొచ్చీసింది!"

"ఆగదేటండి అది?"

ఆగలేదు. ఎర్రగీత దాటింది. వాగు పక్క మలుపులో బానెట్ కిందనుంచి ఆవిరి బుస్సుమంది. తిరుమలరావు కారు పక్కకు తీసి, ఆలస్యమవుతుందని చెబుదామని గణపతిరావుకు ఫోన్ చేశాడు. కొండల్లో సిగ్నల్ మాటకో ముక్క చొప్పున మోస్తోంది.

"అన్నయ్యా! ఘాటీలో ఉన్నాం. బాగా వేడెక్కిపోయింది!"

"ఎవులికి? భారతికా?"

"ఔనౌను!" అన్నాడు సగమే వినబడిన తిరుమలరావు. "కొత్తది పెట్టినా తెరవడం నేదు!"

"కళ్లా?" అని గణపతిరావు అరిచేసరికి ఫోన్ తెగిపోయింది.

కొరాపుట్‌లో ఆ కబురు వంటపందిరి చేరేసరికి జ్వరం. పురోహితుడి దగ్గరకొచ్చేసరికి మెదడుజ్వరం. అరిటాకులు కడిగేవాళ్లదాకా పోయేసరికి భారతీదేవికి స్పృహే లేదు. పుణ్యవతి తడిగుడ్డ చేతపట్టుకుని, తెలిసినవాళ్ల అంబులెన్సులో బయలుదేరిపోయింది. గణపతిరావు మంచం సిద్ధం చేయించడానికి ఆసుపత్రికి పరుగెత్తాడు. చుట్టాలంతా పిల్లాడితో సహా ఆయన వెనకే నడిచారు.

సైరన్ మోగించుకుంటూ అంబులెన్సు మలుపులోకి వచ్చేసరికి భారతీదేవి రాతి మీద కూర్చుని జంతిక కొరుకుతోంది. తిరుమలరావు తల బానెట్ కింద ఉంది.

"సచ్చిపోతన్నావనుకొని నా గుండాగిపోయింది కదే అమ్మీ! జంతికలు తింతన్నావా?" పుణ్యవతి తడిగుడ్డ విసిరికొట్టింది.

"నాకేటయిందని? పెళ్లికార్డులో పేరెయ్యనోళ్లు అంబులెన్సేసుకొచ్చేరేటి?"

"అచ్చేసినోడు తినీసేడే ఆ పేరు! సెప్దామని ఎన్నిసార్లు ఫోన్ సేసేను! ఎత్తేవా నువ్వు?"

భారతీదేవి ఎత్తలేదు. జంతికల డబ్బా ముందుకు జరిపింది. పుణ్యవతి ఒకటి తీసుకుని, కొరకబోతూ వాగు వంక చూసి ఆగిపోయింది.

"ఇక్కడే కదే మీ మాఁవగారు కారాపీవోరు?"

ఇక్కడే. కొత్త కాపురాల రోజుల్లో చెల్లెలింటికి వచ్చిన పుణ్యవతిని తిరిగి కొరాపుట్‌లో దిగబెట్టడానికి ఆ పెద్దాయన ఇదే కారు తీసేవాడు. ఈ మలుపుకొచ్చేసరికి ఇంజన్ వేడెక్కేది. చెరో చెంబూ పట్టుకుని అక్కచెల్లెళ్లు వాగులోకి దిగేవారు. ఇంజన్‌కి చేరే నీళ్లకన్నా చీరల మీద పడేవే ఎక్కువ. అది చల్లారేదాకా అందరూ ఈ రాళ్ల మీదే కూర్చుని అటుకులు తినేవారు. వేడి తొందరగా తగ్గకూడదని ఇద్దరూ లోలోపల కోరుకునేవారు.

"కావాలనే ఒలకబోసీదానివి నువ్వు," అంది పుణ్యవతి.

"నువ్వు ఒలకబొయ్యలేదేటప్పా?"

ఇద్దరూ పడిపడి నవ్వారు. కళ్లు తుడుచుకున్నారు. అంబులెన్సు డ్రైవర్ మనోరంజన్‌కు పేషెంటు ఎవరో అంతుపట్టలేదు. చివరికి ఇద్దరూ తలుపు తీసుకుని వెనకెక్కి కూర్చున్నారు. లక్ష్మీపూర్‌లో టీకి ఆపమని కూడా చెప్పారు.

ఒంటరిగా మిగిలిన తిరుమలరావు చల్లారిన ఇంజన్ విప్పి చూశాడు. థర్మోస్టాట్ స్ప్రింగు ఇంజన్ వైపు ఉండాలి. తను తల్లకిందులుగా పెట్టాడు. వేడినీళ్లు తగలవలసిన చోట తగలక అది మూసుకునే ఉండిపోయింది. తిప్పి బిగించి, వాగు నీళ్లు పోశాడు. ముల్లు నడిమధ్యకొచ్చి బుద్ధిగా నిలబడింది. దారిపొడవునా ఎవరికి చెప్పుకుందామా అని ఆయన ప్రాణం కొట్టుకుపోయింది.

కొరాపుట్‌లో ఇంటికి తాళం. పక్కింటివాళ్లు చెప్పిన ప్రకారం ఆసుపత్రికి వెళితే, వరండా నిండా పట్టుచీరలు. టీకి ఆగిన అంబులెన్సు మాత్రం ఇంకా రాలేదు. అందరూ ఆయన మీద పడ్డారు.

"ఎలాగుంది తమ్ముడూ?" అన్నాడు గణపతిరావు.

"ఇప్పుడు బెమ్మాండం! ముందు తల్లకిందులుగా పెట్టీసేను. మళ్లీ విప్పి, తిప్పి పెట్టి, వాగు నీళ్లు పోసేను. ఒక్కసారి దగ్గింది, అంతే!"

గణపతిరావు ఒకడుగు వెనక్కి వేశాడు.

"నువ్వే... విప్పేవా?"

"నేనే! స్పానర్‌తో!"

డాక్టరుగారు సిద్ధంగా ఉంచిన మంచాన్ని మెల్లగా తిరుమలరావు వైపు తోయించారు.