నీళ్ళ ట్యాంకర్‌లో పవళింపు సేవ

నాకు ఇరవై ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. ఇంకొకరు మోసి తెచ్చుకున్న నీళ్ళతో స్నానం చేసి వెళ్ళి దేవుణ్ణి చూస్తే, ఆ పుణ్యం ఎవరిది? చూసినవాడిదా, నీళ్ళు ఇచ్చినవాళ్ళదా? పురాణం చెప్పే ఒక పెద్దాయన్ను అడిగితే, "మీ ఇంట్లో కుళాయి లేదా?" అన్నారు. ఉంది. అందుకే సందేహం తీరలేదు.

సరే, దాన్ని అలా ఉంచండి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది వేరే. యాత్రకు వెళ్ళే గృహస్థుకు లాడ్జిలో గది దొరక్కపోవడం దేవుడిచ్చిన వరం!

నవ్వకండి. గది దొరికితే ఏమవుతుంది? ఆధార్ కార్డు, దాని జిరాక్సు, ఫోనుకు ఓటీపీ. పక్కన నిలబడ్డ రామేశ్వరమ్మ నా భార్యేనని కౌంటర్‌లో కూర్చున్న కుర్రవాడు నమ్మాలి. గుడిలో స్వామికి రోజూ పవళింపు సేవ చేసి తలుపులు వేస్తారు. ఆయన్ను ఎవరైనా ఓటీపీ అడిగారా?

స్వామికి లేని బాధ భక్తుడికి ఎందుకని, నేనే ఒక గది చేయించుకున్నాను. నాలుగు చక్రాల మీద.

నేను నంద్యాలలో ఒక రైస్ మిల్లులో కాటా దగ్గర పనిచేసి రిటైరయినవాణ్ణి. మిల్లు వాళ్ళు తుక్కు కింద తీసేసిన నీళ్ళ బండి ఒకటి నా కంటపడింది. చిన్న లారీ, దాని మీద నీలం రంగు రేకు ట్యాంకు. వెల్డింగ్ శేషయ్య ట్యాంకు వెనక భాగం కోసి తలుపు పెట్టాడు. లోపల చెక్క మంచం, మంచం కింద స్నానానికి రెండు వందల లీటర్ల డ్రమ్ము, బ్యాటరీ ఫ్యాను. గాలికి పైన మూత ఎలాగూ ఉంది. డ్రమ్ము గొట్టాన్ని బయటి పాత కుళాయికే కలిపాడు. లోపల నిలబడడానికి లేదు. కూర్చోవచ్చు, పడుకోవచ్చు. గృహస్థుకు ఇంకేం కావాలి?

"రంగు మార్చాల్నా అన్నా? తాగునీరు అని రాసుండాది" అన్నాడు శేషయ్య.

వద్దన్నాను. కిటుకంతా అక్కడే ఉంది. కారులో పడుకుంటే ఎవరో ఒకరు అద్దం మీద కొడతారు. లారీలో పడుకుంటే కాగితాలు అడుగుతారు. నీళ్ళ ట్యాంకర్ ఆగి ఉంటే ఎందుకు ఆగిందని అడిగేవాడు లేడు. లోపల ఒక సంసారం ఉందని అనుమానించేవాడు అసలే లేడు.

రామేశ్వరమ్మ తలుపులోంచి తొంగి చూసింది. "మా నాయన మేడ ఉండే ఇల్లని సూసి ఇచ్చె. ఇప్పుడు డబ్బాలో దూరాల్సి వచ్చె" అంది. దూరింది మాత్రం నాకంటే ముందే.

మొదటి రాత్రి కోయిలకుంట్ల దగ్గర శనగ చేల పక్కన ఆపాం. ఎవరో తన బర్రెను మా కుళాయికి కట్టేసి వెళ్ళిపోయాడు. అది తెల్లవార్లూ ట్యాంకుకు వీపు రుద్దుకుంది. మాకు ఉచితంగా ఉయ్యాల సేవ జరిగింది. ఏ లాడ్జిలో ఉందండీ ఈ సౌకర్యం?

ఇంకో ఊళ్ళో పొద్దున్నే నీళ్ళ బండ్ల లెక్క రాసే ఒక పెద్దమనిషి వచ్చి మా బండిని ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు తీసుకున్నాడు. "ఈ దినం ట్రిప్పు అయిపాయె" అని తనలో తాను అనుకుంటూ వెళ్ళిపోయాడు. చూశారా? నేను దుప్పటి కప్పుకుని పడుకుని ఉండగానే ఒక ఊరి దాహం తీరిపోయింది!

వేడి గురించి అడుగుతారేమో. నిజమే, వైశాఖంలో రేకు రాత్రి పదింటికి కూడా కాలుతుంది. పూర్వం మునులు తపస్సుకు చుట్టూ మంటలు పేర్చుకునేవారు. శేషయ్య ఒక్క రేకుతో తేల్చేశాడు.

ఇక అసలు యాత్ర. స్వాతి నక్షత్రం నాడు అహోబిలంలో స్వామిని చూడాలి. మా ఇంట్లో తలస్నానం చేయకుండా స్వాతినాడు ఆయన గడప తొక్కిన చరిత్ర లేదు. అందుకే డ్రమ్ము నిండా నీళ్ళు పోసుకుని బయలుదేరి, ముందు రోజు చీకటి పడ్డాక ఆళ్ళగడ్డలో, రాళ్ళు చెక్కే షెడ్ల వెనక ఒక వీధిలో బండి ఆపాం. తెల్లవారుజామున లేచి, తలుపు చాటున స్నానం చేసి వెళ్ళిపోవాలని ఏర్పాటు.

లేచి, పైమూత ఎత్తి తల బయట పెట్టాను.

మా కుళాయి దగ్గర మొదలై వీధి మలుపు దాకా బిందెలు. పచ్చవి, ఎర్రవి, ఒకటీ అరా స్టీలువి. మధ్యలో ఒకచోట బిందెకు బదులు సగం చెక్కిన రాతి నంది వరసలో కూర్చుని ఉంది. ఆడవాళ్ళు గోడల పక్కన చతికిలబడి ఉన్నారు.

నేను ఇంట్లో కుళాయి తిప్పుకునే నంద్యాల మనిషిని. నాకు ముందు తట్టలేదు. ఆ వీధిలో ఏ బండయినా దాక్కోగలదు, నీళ్ళ ట్యాంకర్ తప్ప.

"ఏందీ, నీళ్ళలో మనిషుండాడు" అంది మొదటి బిందె అమ్మాయి. పేరు అరుణకుమారి అని తర్వాత తెలిసింది.

"నీళ్ళు లేవమ్మా. యాత్రికులం. పడుకున్నాం."

"ఫోన్లో ఫోటోగా దినామూ వస్తాంది ట్యాంకర్. వీధికి ఒక్కటొచ్చె, దాంట్లో నువ్వు పండుకుంటివి."

లోపలి నుంచి రామేశ్వరమ్మ నా పంచె లాగింది. "డ్రమ్ములో ఉండాయి గదా."

"అవి స్నానానికే."

"సామి దినామూ స్నానం జేసినోల్లనే సూస్తాండాడు. ఒక దినం మనల్ని ఇట్లే సూడనీ. పో, కుళాయి తిప్పు."

దిగి తిప్పాను. అప్పుడే వరసలో పది పన్నెండు బిందెల వెనక, ఒక స్టీలు బిందె పక్కన కూర్చున్న ముసలామెను చూశాను. ఆమె వెనక పచ్చ తలుపు ఇల్లు. ఆ తలుపు నాకు తెలుసు.

ఇరవై ఏళ్ళ కింద ఆఖరి బస్సు తప్పిపోయి, బస్టాండులో పడుకుని, పొద్దున్నే ఆ పచ్చ తలుపు దగ్గర చెంబుడు నీళ్ళు అడిగాను. అహోబిలం పోతున్నానని విని, ఇంట్లో ఉన్న ఒక్క బిందే తెచ్చి నా నెత్తిన పోసిన కమలమ్మ ఆమె. తిరుగు ప్రయాణంలో ఆగి ఒక బిందె మోసి ఇస్తానమ్మా అని చెప్పి వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నిద్రపోయాను.

దగ్గరికి వెళ్ళి సంగతి గుర్తు చేశాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"తిరుగు బస్సు ఇప్పుడొచ్చెనా అప్పా?"

వరసంతా నవ్వింది.

"నువ్వు ముందుకు రామ్మా. డ్రమ్ములో ఉండేవి కొన్నే."

"వరస తప్పితే రేపు నా బిందెను ఈడ ఎవురూ పెట్టనీరు. వస్తే వస్తాయి, ల్యాకుంటే ల్యా."

నేను మొక్కని దేవుడు లేడు. ఒక్కో బిందె నిండుతుంటే ఆమెకు ముందు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటున్నాను. ఆమెకు ముందు రెండు బిందెలు ఉండగానే ధార సన్నబడింది. "డ్రమ్ము ఒంచే!" అని అరిచాను. లోపల రామేశ్వరమ్మ మంచం పలకలు తీసేసి, డ్రమ్మును భుజంతో ఎత్తిపట్టింది. ఆ రెండూ నిండాయి. కమలమ్మ బిందె మెడ దాకా వచ్చి, కుళాయి ఆగిపోయింది.

ఆమె వెనక ఇరవై బిందెలు మిగిలాయి. నంది కూడా. ఎవరూ నన్ను తిట్టలేదు. బిందెలను ఒక్కో అడుగు ముందుకు జరుపుకుని, మళ్ళీ గోడ పక్కన కూర్చున్నారు.

కాబట్టి పాఠకులారా, లాడ్జిలో గది దొరక్కపోవడం వరమేనని ఇప్పటికీ అంటాను. ఆ రాత్రి నాకు మంచి గది దొరికి ఉంటే, ఆ వీధికి ఆ నెలలో ట్యాంకరే వచ్చి ఉండేది కాదు.

బిందె నేనే భుజానికి ఎత్తుకున్నాను. నడుస్తూ నా సందేహం ఆమెనే అడిగాను. అప్పటి ఆ పుణ్యం ఎవరిదమ్మా?

"పున్యం నువ్వే పెట్టుకోప్పా" అంది కమలమ్మ, పచ్చ తలుపు తోస్తూ. "నాకు నీళ్ళు సాలు."

బిందెను గడప లోపల, ఆమె చూపించిన మూలన దించాను. ఒక్క చుక్క తొణకలేదు.