హారన్ మీద వచ్చిన పాట

ఆ ఆదివారం జకరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం ఎనిమిదిన్నరకు రేడియోలో భార్య సామ్రాజ్యం పాట వస్తుంది. దాన్ని తన టాక్సీలో ఒంటరిగా కూర్చుని వినాలి, అంతే. మూడు నెలల క్రితం సామ్రాజ్యం వంటింట్లో కీర్తన అందుకుంటే, నీ పాట కంటే నా కారు హారనే నయమని నోరు జారాడు. ఆమె ఆ సాయంత్రమే వాకాడు పక్కనున్న పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళి పిలుచుకురావడానికి ఇతగాడికి పౌరుషం అడ్డొచ్చింది. ఇప్పుడు గూడూరులోని ఆ ఇంట్లో గిన్నె కిందపడితే తప్ప చప్పుడు లేదు. ఆమె గొంతు వినాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

పార్కులో అందరికోసం పెట్టిన రేడియో దగ్గర నిలబడి వింటే ఊరంతా తన మొహమే చూస్తుంది. అందుకని గంగాధరం కొట్లో ఉన్న చిన్న రేడియోను బతిమాలి తెచ్చుకున్నాడు. దానికి బండి బ్యాటరీ నుంచి కరెంటు అందేలా ఒక ప్లగ్గు, దానికో స్విచ్చి పెట్టమని మైకుసెట్ల ఓబులేసును అడిగాడు. షరతు ఒక్కటే, బండికి కొత్తగా ఒక్క బెజ్జం కూడా పడకూడదు. ఓబులేసు శనివారం పని ముగించి, బండి అప్పగించి, ఎవరి పెళ్ళికో మైకు కట్టడానికి హడావుడిగా వెళ్ళిపోయాడు.

తెల్లవారగానే టాక్సీ వాకాడు వైపు తిరిగింది. ఆమె ఊరికి దగ్గరైతే రేడియో బాగా పలుకుతుందని జకరయ్య తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. ఆమె ఎలాగూ మద్రాసు రేడియో స్టేషనులో పాడుతూ ఉంటుంది గనుక ఎదురుపడే భయం లేదు. అత్తవారి ఊరి బయట సరుగుడు తోపు పక్కన బండి ఆపి ప్లగ్గు గుచ్చాడు. రేడియో ఉలకలేదు, పలకలేదు. స్విచ్చి కోసం స్టీరింగు చుట్టుపక్కలంతా తడిమాడు. ఎక్కడా లేదు. ఇంతలో మేకలు బండి చుట్టూ మూగితే, తోలడానికి హారన్ నొక్కాడు. రేడియో గురగురమంది.

అప్పుడు బోధపడింది. బెజ్జం వద్దన్నాడు కదా, ఓబులేసు కొత్త స్విచ్చి జోలికి పోకుండా ప్లగ్గు తీగను హారన్ మీటకే కలిపేశాడు. మీట నొక్కినంతసేపే రేడియో పలుకుతుంది. హారన్ కూడా.

ఎనిమిదిన్నర అయింది. జకరయ్య ఒక చేత్తో మీట అదిమిపట్టి, వంగి చెవిని రేడియోకు ఆనించాడు. ఆ మోత అడుగున ఎక్కడో సన్నగా సామ్రాజ్యం గొంతు వినిపించింది. కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

ఆ పక్క ఊళ్ళలో టాక్సీ ఆపకుండా హారన్ కొట్టిందంటే ఒకటే అర్థం. ఆసుపత్రిలో ఆశ వదిలేసిన మనిషిని ఇంటికి తెస్తున్నారని. ముందుగా జాలరి చిన్నపోలయ్య చేతిలోని వల పారేసి పరుగెత్తుకొచ్చాడు. ఊరి అల్లుడు స్టీరింగు మీద వాలిపోయి కన్నీళ్ళు కారుస్తున్నాడు. పలకరిస్తే చెయ్యి విసురుతున్నాడు గాని నోట మాట లేదు. పక్షవాతమని చిన్నపోలయ్య తేల్చేశాడు. పెంచలమ్మ నీళ్ళ చెంబు తెచ్చింది, ఇంకో నలుగురు మంచం మోసుకొచ్చారు. కబురు చర్చి దాకా పోయేసరికి పక్షవాతం కాస్తా కొనఊపిరిగా మారింది. ప్రార్థన మధ్యలో ఆగిపోయింది.

సరిగ్గా రెండో చరణంలో అందరూ కలిసి జకరయ్యను బయటికి లాగి మంచం మీద పడుకోబెట్టారు. హారనూ పాటా ఒక్కసారే తెగిపోయాయి.

"నన్నొదలండబ్బా, హారన్ నొక్కాల," అని అతను గింజుకున్నాడు.

"పొయ్యేటప్పుడు గూడా బండి మీదే ధ్యాస," అంటూ చిన్నపోలయ్య తలగుడ్డతో కళ్ళొత్తుకున్నాడు.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ, కాళ్ళకు చెప్పులైనా లేకుండా సామ్రాజ్యం వచ్చింది. ఆ పాటను పదిహేను రోజుల ముందే మద్రాసులో పాడించి టేపు మీదికి ఎక్కించుకున్నారట. మంచం మీద నిక్షేపంగా ఉన్న మొగుణ్ణి, బండిలో ఉన్న రేడియోను, దాని తీగను ఆమె మార్చి మార్చి చూసింది. సంగతంతా రాబట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నా పాట కంటే హారనే నయమంటివే?"

"ఈ పొద్దు రెండూ కలిపి విన్నా," అన్నాడు జకరయ్య తల వంచుకుని. "హారనే అడ్డమొచ్చింది. ఇంటికి రా సామ్రాజ్యం, నువ్వు లేకుండా ఉండలేకున్నా."

ఆమె వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. బండి కదిలాక మూడు నెలలుగా మింగిన మాటలన్నీ మొదలుపెట్టింది. సిగ్గు లేదంది, బుద్ధి లేదంది, ఊళ్ళో తల ఎత్తుకోనివ్వలేదంది. గూడూరు మలుపు వచ్చేసరికి ఆమె ఇంకా పెళ్ళినాటి తప్పుల దగ్గరే ఉంది.

జకరయ్య హారన్ జోలికి పోకుండా, ఆ గొంతు వింటూ బండిని చుట్టుదారి పట్టించాడు.