ధమనులకూ సిరలకూ గల తేడాలు

ఆ రెండో శనివారం ఫ్లోరెన్స్ పెట్టుకున్న పనులు మూడే. తలకు రంగు వేసుకోవడం, కొరమీనుల పులుసు పెట్టడం, మధ్యాహ్నం పడుకోవడం. వేమూరు మండలాఫీసులో వారమంతా దొంగ సర్టిఫికెట్లు పట్టుకునే మనిషికి ఆ మాత్రం సెలవు కావాలి. కుడివైపు జుట్టుకు రంగు పూర్తయిందో లేదో, కూతురు బ్లెస్సీ చదివే నీట్ కోచింగ్ సెంటర్ నుంచి బ్రహ్మానందం సార్ ఫోన్ చేశారు.

"అమ్మా, వెంటనే రావాలి. కాపీ వ్యవహారం."

బ్లెస్సీకి కిందటేడు పదకొండు మార్కుల్లో మెడికల్ సీటు పోయింది. మళ్లీ రాయడానికి ఇంక ఐదు వారాలే ఉన్నాయి. ఫ్లోరెన్స్ ఉన్న రంగు కడిగేసుకుని, తలమీద కొంగు కప్పుకుని తెనాలి నడిబొడ్డున ఉన్న సెంటర్‌కి పరుగెత్తింది. అక్కడ అప్పటికే పక్కింటి మీనాక్షి, ఆమె కూతురు శరణ్య ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు. గోడకు ఆనుకుని బ్లెస్సీ నిలబడి ఉంది.

సార్ రెండు పేపర్లు పక్కపక్కన పరిచారు. నీట్‌లో జవాబులకు గుర్తులు పెట్టడమే అయినా, బుర్రకెక్కాలని సార్ వారానికోసారి రాయించే పరీక్ష అది. ధమనులకూ సిరలకూ గల తేడాలు రాయమన్న ప్రశ్న. రెండింటిలోనూ మూడో తేడా ఒకటే: 'సిరల గోడలు పల్చగా, చారులాగా ఉంటాయి.'

"పుస్తకంలో పల్చగా అని ఉంది. చారు లేదు," అన్నారు సార్. "అరవై మందిలో ఇద్దరికే చారు వచ్చింది. ఒకరు వండారు, ఇంకొకరు వడ్డించుకున్నారు. ఎవరు ఎవరిని చూసి రాశారో సాయంత్రంలోగా తేలకపోతే ఇద్దర్నీ బ్యాచ్‌లోంచి తీసేస్తాను."

"చారు మాట మా ఇంట్లో పుట్టదు సార్. మాది పులుసు కొంప," అంది ఫ్లోరెన్స్.

"మా ఇంట్లోనూ పుట్టదు," అంది మీనాక్షి. "మా చారు పల్చగా ఉండదు."

నిన్నటిదాకా గోడ మీదుగా "వదినగారూ" అని కరివేపాకు అందించుకున్నవాళ్లు ఇద్దరూ ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు.

"నేనెవర్నీ చూళ్లేదమ్మా. నాకలాగే గుర్తుంది. ఎక్కడ చదివానో తెలీదు," అంది బ్లెస్సీ. శరణ్య మాత్రం బాపట్లలో ఉన్న అనంతకృష్ణ బావ నోట్సులో చదివానంది. నోట్సు మళ్లీ అతనికే ఇచ్చేసిందట.

"ఫోన్ చేసి అడిగితే సరి," అన్నారు సార్.

"ఫోన్లో అయితే నేర్పిన చిలకలా చెబుతాడు. నేను వెళ్లి చూస్తాను," అంది ఫ్లోరెన్స్.

"మీరొక్కరే వెళ్లి మా మేనల్లుణ్ణి బెదిరించడానికా? నేనూ వస్తున్నా. ఏదీ, మీ ఫోన్ ఇలా ఇవ్వండి."

"మీది కూడా ఇవ్వండి మరి."

అలా ఎవరూ ముందుగా కబురు పంపకుండా ఫోన్లు మార్చుకుని ఇద్దరూ బాపట్ల రైలెక్కి ఎదురెదురుగా కూర్చున్నారు. మీనాక్షి బాత్రూంకి వెళ్తే ఫ్లోరెన్స్ తలుపు బయట కాపలా కాసింది. మళ్లీ సీట్లలోకి వచ్చాక ఫ్లోరెన్స్ భర్త మనోహర్ ఫోన్ చేస్తే మీనాక్షే ఎత్తింది. "మీ ఆవిడ నా కళ్లెదుటే ఉన్నారండి. ప్రస్తుతానికి మాట్లాడనివ్వను," అంది. ఆయన ఇంకేమీ అడక్కుండా ఉప్మాకి ఎసరు పెట్టుకున్నాడు.

బాపట్లలో అనంతకృష్ణ నోట్సు తెచ్చాడు. తేడాల పట్టిక జిరాక్స్ కాగితం, గమ్ముతో అంటించి ఉంది; మూడో వరసలో చారూ ఉంది. ఫ్లోరెన్స్ అలవాటుగా దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది.

"ఇది నేను రాసింది కాదత్తా. నాతో చదివే రేపల్లె కుర్రాడు అజయ్ బాబు ఇచ్చాడు," అన్నాడు అనంతకృష్ణ.

ఫ్లోరెన్స్ చేతిలో నోట్సు కిందికి దిగింది.

"రేపల్లెలో ఉండే మీ ఏసమ్మక్క కొడుకు పేరు అజయ్ బాబే కదూ?" అంది మీనాక్షి.

"రేపల్లెలో అజయ్ బాబులు బోలెడుమంది ఉంటారండి."

"వాళ్ల నాన్న రైల్వేలో చేస్తారు," అన్నాడు అనంతకృష్ణ సాయం చేస్తున్నట్టు.

రేపల్లె బస్సులో కాపలా కాసే వంతు మీనాక్షిది. ఫ్లోరెన్స్ తుమ్మినా అనుమానంగానే చూసింది. ఫ్లోరెన్స్‌కి అప్పటికి సొంత అక్క మీదే అనుమానం మొదలైంది. అక్కకి మొదటినుంచీ బ్లెస్సీ మార్కులంటే కిట్టదు. పిల్లని చెడగొట్టడానికే కొడుకు చేత ఇలాంటివి రాయిస్తోందేమో!

ఏసమ్మ గుమ్మంలోనే "భోంచేశారా?" అంది. ఇద్దరూ వినిపించుకోలేదు. అజయ్ బాబును నిలబెట్టి అడిగారు.

"అదేంటి పిన్నీ, చెప్పింది నువ్వే కదా! పోయిన నెల నోట్సు అడిగితే వాయిస్ మెసేజ్ పెట్టావు," అని వాడు తన ఫోన్ తీసి నొక్కాడు.

ఫ్లోరెన్స్ గొంతు గదంతా మోగింది. "మూడోది. ధమనుల గోడలు మందంగా ఉంటాయి, సిరల గోడలు పల్చగా ఉంటాయి. ఎంత పల్చగా అంటే, మా పక్కింటి మీనాక్షిగారి చారులాగా అన్నమాట. గుర్తుపెట్టుకోరా అబ్బాయ్." వెనకనుంచి బ్లెస్సీ నిద్రగొంతు కూడా వినపడింది. "అమ్మా, మెల్లగా చదువు. నన్ను కాసేపు పడుకోనీ."

"ఇంకోసారి పెట్టు బాబూ," అంది మీనాక్షి. పెట్టాడు. "ఇంకోసారి."

"అంతా పొల్లుపోకుండా రాసినవాడివి, ఆ పేరెందుకురా వదిలేశావు?" అంది ఫ్లోరెన్స్ నీరసంగా.

"సిలబస్ అంతా వెతికాను పిన్నీ. మీనాక్షిగారు ఎక్కడా లేరు."

తిరుగు రైలు వేమూరు దాటింది. చివరికి ఫ్లోరెన్సే అంది. "నా ఫోన్లో ఉన్న ఆ మెసేజ్ వినిపించొద్దండీ. సార్‌కి నా నోటితో నేనే చెప్పుకుంటాను."

"మీ ఆఫీసుకొచ్చి ఎవరైనా నోటితో చెబితే మీరు నమ్ముతారా?"

ఫ్లోరెన్స్ నిజాయితీగా ఆలోచించింది. "నమ్మను."

"మరి? నా చారు పరువు పోతేపోయింది, పిల్లల సీట్లు పోకూడదు." మీనాక్షి కిటికీ వైపు తిరిగింది. "అయినా రెండేసి గ్లాసులు అడిగి మరీ తాగేవారు కదండీ!"

"తాగడానికి వీలుగా ఉంటుందని…"

సాయంత్రం క్లాసులో అరవై మంది ముందూ మెసేజ్ మోగింది. పిల్లలు పగలబడి నవ్వారు. తర్వాత సార్, పొద్దున చారు కోసం మాత్రమే వెతికిన పేపర్ల కట్ట మళ్లీ ముందేసుకుని ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టారు. తిప్పుతున్నకొద్దీ ఆయన ముఖం మారింది.

"నలభై మూడు మంది సిరల గోడలే మందమని రాశారు. మిగతావాళ్లు అసలు రాయనేలేదు. సరిగ్గా రాసింది ఈ చారువాళ్లిద్దరే. నేను మూడు వారాలు చెప్పాను, ఈవిడ ఒక్కసారి చెప్పింది." సుద్దముక్క అందుకున్నారు. "అమ్మా, ధమనులకు కూడా అలాంటిదేదైనా ఉంటే చెప్పండి."

ఫ్లోరెన్స్ నోరు తెరిచేలోగా మీనాక్షి లేచింది.

"నేను చెబుతాను, రాసుకోండి సార్. ధమనుల గోడలు మందంగా, ఫ్లోరెన్స్‌గారి అట్టులాగా ఉంటాయి."

పిల్లలందరూ తలలు వంచి రాసుకున్నారు. బ్లెస్సీ ఒక్కతే రాసుకోలేదు. ఆమెకు అది అనుభవమే.