ఇస్సాకు సారు పర్యావరణ పరిణయం

రిటైర్డ్ హెడ్మాస్టరు ఇస్సాకు తన కూతురు గ్రేస్ వివాహం సంపూర్ణంగా ప్లాస్టిక్ రహితంగా జరుగుతుందని ఆదివారం ఆరాధన ముగిశాక మైకులో ప్రకటించారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మర్నాడు పొద్దున్నే హన్మకొండ చౌరస్తాలో నలభై అడుగుల ఫ్లెక్సీ వెలిసింది: "ప్లాస్టిక్‌ను తరిమికొడదాం!" కింద సారు నిలువెత్తు ఫోటో, ఆయన పక్కన ఒక మొక్క, మొక్క పక్కన, జాగా మిగిలినంత మేరకు, పెళ్లికూతురు.

నిజానికి గ్రేస్ అడిగింది ఇంత కాదు. జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పే ఆ పిల్ల, "థర్మకోల్ స్టేజీ వద్దు డాడీ. నా కిరీటం, నా బొకే నేనే చేసుకుంట," అని అన్నం తింటూ ఒక మాట అన్నది. తండ్రి దాన్ని ఉద్యమంగా స్వీకరించారు. సాయంత్రానికల్లా ఆహ్వాన, అలంకరణ, అవగాహన ఉపసంఘాలు ఏర్పడ్డాయి. మూడింటికీ అధ్యక్షులు ఆయనే. పెళ్లికూతురిని అవగాహన ఉపసంఘంలో సభ్యురాలిగా తీసుకున్నారు.

శుభలేఖలు విత్తనాల కాగితం మీద అచ్చయ్యాయి. చదివి మట్టిలో పాతితే తులసి మొలుస్తుందని ప్రెస్సువాళ్లు చెప్పగానే సంఘపెద్దలు అత్యవసరంగా సమావేశమయ్యారు. రెండు గంటల చర్చ అనంతరం, ఏ మతంతోనూ పేచీ లేని మొక్కగా కొత్తిమీరను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. వానకు తడిసి పెళ్లికి ముందే మొలకెత్తకుండా ఒక్కో శుభలేఖను ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంచారు.

గ్రేస్ మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా వరి కంకులతో కిరీటం అల్లింది. సీతాఫలం గింజలకు రంధ్రాలు చేసి దండ గుచ్చింది. పగిలిన పత్తికాయల కొమ్మలతో తెల్లగా, నురగలాగా ఒక బొకే కట్టింది. అది చూసి తల్లి మార్తమ్మ గుండె జారిపోయింది.

"గా కొమ్మలు పట్టుకొని చర్చిలకు పోతే, పత్తి ఏరవోతాందనుకుంటరు బిడ్డా!"

"అనుకోనీ అమ్మా."

"మెడల ఆ గింజలేంది? బంగారం లేదనుకోరా?"

ఈ ఆందోళనను సారు అర్థం చేసుకున్నారు. స్టేజీ పక్కన పెట్టేందుకు ఒక బోర్డు రాయించారు: "గమనిక: వధువు ధరించిన ఆభరణాలు పర్యావరణ హితార్థం ఇంట్లో తయారుచేసినవి. బంగారం లాకరులో ఉన్నది."

అలంకరణ కోసం వర్ధన్నపేట నుంచి పూలమ్మను పిలిపించారు. ఈతాకుతో చాపలల్లే మనిషి. నాలుగు రోజులు వరండాలో కూర్చుని చిలుకలు, పూలు, తోరణాలు అల్లింది. కాలేజీ నుంచి రాగానే గ్రేస్ వచ్చి పక్కన కూర్చునేది.

"అట్ల గుంజకు బిడ్డా, ఆకు చినుగుతది. బుజ్జగించినట్టు మలువాలె."

పెళ్లి పనుల్లో గ్రేస్‌కు సంతోషమనిపించిన నాలుగు రోజులవే.

"ఇంత పెద్ద సారుకు ఈ ఆకుల పందిరేంది బిడ్డా?" అని ఒకనాడు పూలమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"పర్యావరణం, పూలక్కా."

అదేదో ఇంట్లో ఎవరికో వచ్చిన జబ్బన్నట్టు పూలమ్మ జాలిగా తలూపింది.

పెళ్లినాడు చర్చి ఆవరణలో ఎండ మండిపోయింది. ఆకులు వాడిపోకుండా డీజిల్ జనరేటరు పెట్టి ఎనిమిది కూలర్లు తిప్పారు. గాలి ఆకుల వైపే ఉండటంవల్ల అతిథులు శుభలేఖలతో విసురుకున్నారు. ముఖ్య అతిథిగా ఒక నాయకుడు పద్నాలుగు బండ్లతో వేంచేశారు. "ప్రకృతి మన తల్లి! ఈ అలంకరణ చూస్తుంటే నాకు మళ్లా పెండ్లి చేసుకోవాలనిపిస్తాంది!" అని ఉద్వేగంగా ప్రసంగించారు. ఆయన అనుచరులు మెరుపు కాగితాలు పేల్చారు. పచ్చటి పందిరి మీద ప్లాస్టిక్ తళుకులు రాలాయి. తర్వాత ఆయన ఇంకో పెళ్లిలో ప్రకృతిని పొగడటానికి వెళ్లిపోయారు.

అప్పుడే గ్రేస్ లోపలికి నడిచి వస్తోంది. ఆ నడకను ఆకాశం నుంచి తీయాలని ఫోటోగ్రాఫరు డ్రోనును ఆమె తలమీదికే దించాడు. ఆ గాలికి బొకేలోని పత్తి మొత్తం పింజలు పింజలుగా లేచిపోయింది. కిరీటంలోని వడ్లు జలజలా రాలాయి. ఇదంతా ప్యాకేజీలో భాగమనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గ్రేస్ చేతిలో ఎండు పుల్లలు మిగిలాయి.

మార్తమ్మ వెంటనే హ్యాండుబ్యాగు తెరిచి ప్లాస్టిక్ గులాబీల బొకే తీసింది. "నాకు ముందే తెల్వదా! పట్టుకో, జల్ది."

గ్రేస్ కళ్లు తుడుచుకుంది. గౌను కుచ్చెళ్లు పైకెత్తిపట్టి, వెనక్కి తిరిగి గేటు దాకా నడిచింది. గేటు బయట పూలమ్మ నిలబడి ఉంది. ఆమెకు శుభలేఖ ఇవ్వాలన్న ఆలోచన ఆహ్వాన ఉపసంఘానికి రాలేదు.

"పూలక్కా, జర సాయం చెయ్యవా."

పూలమ్మ గేటు తోరణంలోంచి నాలుగు మట్టలు గుంజింది. పెళ్లికొడుకు స్టీఫెన్ కూడా వచ్చి, కోటు చేతులు మడిచి ఒక్కో ఆకూ చీల్చి అందించాడు. పది నిమిషాల్లో ఆరు ఈతాకు గులాబీలు తయారయ్యాయి. గ్రేస్ ఒక చేత్తో వాటిని, ఒక చేత్తో పూలమ్మను పట్టుకుని లోపలికి వచ్చి, నాయకుడు ఖాళీ చేసిన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టింది. పూలమ్మ పెళ్లి అయ్యేదాకా కుర్చీ అంచు మీదే కూర్చుంది.

సాయంత్రం ఇస్సాకు సారుకు "హరిత రత్న" బిరుదునిచ్చి ప్లాస్టిక్ షీల్డు బహూకరించారు.

నెల తర్వాత పూలమ్మ కూతురి పెళ్లికి గ్రేస్, సారు కలిసి వర్ధన్నపేట వెళ్లారు. అక్కడ పందిరి నిండా ప్లాస్టిక్ బంతిపూలు, స్టేజీ మీద థర్మకోల్ నెమళ్లు, వరుసగా ప్లాస్టిక్ గ్లాసులు. చదువుకున్న పెద్దమనిషని సారు చేతికి మైకిచ్చారు. ఆయన ఆవేదనతో అరగంట మాట్లాడారు. "పల్లెల్లో ఇంకా అవగాహన లేదు! ఈతాకు తోరణం ఎంత అందంగా ఉంటుందో వీళ్లకు ఎవరు నేర్పాలి?" అని ప్రశ్నించారు. జనం చప్పట్లు కొట్టారు. పూలమ్మ కూడా కొట్టింది.

గ్రేస్ సిగ్గుతో తల దించుకుని, "ఏమనుకోకు పూలక్కా," అన్నది.

"ఏమనుకుంట బిడ్డా? సారు మంచిగనే చెప్పిండు," అన్నది పూలమ్మ. "నా పెండ్లి ఈతాకు పందిరి కిందనే అయింది. గప్పుడు గూడ ఒక పెద్దసారు వచ్చిండు. ఇంకా ఆకులేనా, మీరెప్పుడు మారుతరని గిట్లనే అరగంట చెప్పిండు. గప్పుడు గూడ అందరం చప్పట్లు కొట్టినం."