పాలిచ్చే తల్లి మాత్రకి పోలింగు

డాక్టర్లని రద్దు చెయ్యాలి!

సరదాకి అనడం లేదు. ముఖ్యంగా పాలిచ్చే తల్లులకి డాక్టరుతో పనే లేదని నా దృఢాభిప్రాయం. వెనకటి రోజుల్లో పసిబిడ్డ తల్లికి జ్వరం వస్తే, పాపం ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్లి ఒకే ఒక్క జవాబుతో ఇంటికి రావలసి వచ్చేది. ఒక్కటంటే ఒక్కటి! చెప్పులు కొనడానికి వెళ్తే షాపువాడు ఒక్క జత చూపించి "ఇదే, తొడుక్కో" అంటే మనం ఊరుకుంటామా?

ఇప్పుడా దురవస్థ లేదు. ఫోన్లలో అమ్మానాన్నల గ్రూపులున్నాయి. ప్రశ్న ఒక్కటి వేస్తే జవాబులు బుట్టెడు. నచ్చింది ఏరుకోవచ్చు. ఏదీ నచ్చకపోతే ఇంకో గ్రూపు. ఇంత స్వేచ్ఛ మన తాతముత్తాతలు కలలోనైనా చూశారా?

నమ్మకం కుదరకపోతే మా పైవాటాలో ఉండే టీచరమ్మ సంగతి వినండి.

ఆవిడ బళ్లో పిల్లల చేత ఆటలాడించే టీచరమ్మ. విజిలు ఊదిందంటే మైదానమంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. హెడ్మాస్టరు కూడా ఓ క్షణం చేతులు కట్టుకుని నిలబడతాడని వినికిడి. ఆవిడకిది మొదటి కాన్పు. ఆడపిల్ల. ఇప్పుడిప్పుడే బోర్లాపడడం ప్రాక్టీసు చేస్తోంది. ఇంట్లో అత్తగారూ, భర్తా ఉన్నారు. ఆయన లిఫ్టు మెకానిక్కు. మనిషి బంగారం, కానీ వృత్తి ప్రభావమేమో, ఏ అభిప్రాయంలోనూ ఎక్కువసేపు నిలవడు. పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాడు.

ఒకరోజు పొద్దున్నే టీచరమ్మకి వణుకుతో జ్వరం వచ్చింది. ఒక పక్క రొమ్ము ఎర్రబడి రాయిలా గట్టిపడింది. బిడ్డ నోరు తగిలితే చాలు, ప్రాణం గిలగిల్లాడిపోతోంది. వీధి చివర క్లినిక్కుకి వెళ్లింది. డాక్టరమ్మ పరీక్ష చేసింది. "పాలిస్తున్నావు కదా?" అంది. చీటీ రాసింది. "ఈ మాత్రలు వాడు. పాలు మాత్రం ఆపొద్దు" అంది.

"అది కాదండీ, ఈ మందు పాలల్లోకి..." అని టీచరమ్మ నోరు తెరిచేసరికి తర్వాతి పేషెంటు వచ్చి ఆ కుర్చీలో సగం కూర్చుంది. మిగతా సగంలో ఇంకా టీచరమ్మే ఉంది.

చూశారా నిరంకుశత్వం! చర్చ లేదు, సవరణ లేదు, ప్రతిపక్షం లేదు!

ఇంటికొచ్చి మాత్రల అట్ట చేతిలో పెట్టుకుని మంచం మీద కూలబడింది. మీరూ నేనూ అయితే గుటుక్కున మింగేసి ముసుగు తన్నేవాళ్లం. ఆవిడ ఒళ్లో పిల్ల ఉంది. తను మింగింది ఎంతో కొంత ఆ బొజ్జలోకి కూడా వెళ్తుందేమో అన్న భయం పట్టుకుంది. ఆ భయం ఎవరితో చెప్పుకోవాలో తెలియక అట్టని ఫోటో తీసి 'అమ్మానాన్నల అడ్డా' గ్రూపులో పెట్టింది. "పాలిస్తున్నాను. ఇన్ఫెక్షనుకి ఇది రాశారు. వేసుకోవచ్చా? చిన్న డౌటు."

గ్రూపుల్లో డౌట్లన్నీ చిన్నవిగానే పుడతాయి. పోషణ బాగుంటుంది కనక పెరుగుతాయి.

ముందుగా కవలలమ్మ వచ్చింది. ఇద్దర్ని ఒకేసారి కన్నది కాబట్టి ఆ గ్రూపులో ఆవిడ మాటకి డబుల్ విలువ. "వద్దు సిస్టర్! మా తోటికోడలు వేసుకుంటే బాబుకి ఒకటే విరేచనాలు." వెంటనే ఇంకొకావిడ, "మా పిన్ని కూతురు వేసుకుంది. వాడిప్పుడు క్లాసు ఫస్టు" అంది. ఇద్దరూ మాట్లాడుతున్నది రెండు వేరువేరు మాత్రల గురించని చాలాసేపటికి తేలింది. అయితేనేం? అభిప్రాయం ముఖ్యం!

పాలిచ్చాక మింగాలని ఒకరు. మింగాక పాలు పిండి పారబోయాలని ఒకరు. సగం మాత్ర వేసుకుంటే పాపకి సగం భయమే కదా అని ఒక లెక్కల మనిషి. మాత్ర మీ ఆయన చేత వేయించండి, ఆలుమగలు ఒకటే కదా అని ఒక ఆదర్శ గృహిణి. ఆ చివరిది చదివి లిఫ్టు మెకానిక్కు కాసేపు నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

ఇంతలో కరపత్రం నాన్న ప్రవేశించాడు. మందుపెట్టెలో మడతలు పెట్టి ఉండే కాగితాన్ని చివరిదాకా చదివిన ఏకైక మానవుడు ఆయన. ఆ మందు వల్ల ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరికైనా రాగల బాధలన్నీ ఓపిగ్గా టైపు చేసి పెట్టాడు. కళ్లు తిరగడం దగ్గర మొదలై నాలుక నల్లబడడం మీదుగా ప్రయాణించి, ఆఖర్న "కంగారు పడకండి" అని ముగించాడు. అప్పటిదాకా కంగారు పడనివాళ్లు కూడా ఆ మాటతో మొదలుపెట్టారు.

ఫార్వర్డు బాబాయి గురించి చెప్పకపోతే పాపం. ఆయనకి పిల్లల్లేరు. పెళ్లే లేదు. వాకింగ్ గ్రూపులో చేరబోయి ఇందులో చేరాడంటారు. ఎవరూ పొమ్మనలేదు, ఆయనా వెళ్లలేదు. ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ మీద, "తల్లిపాలు అమృతం. అమృతంలో మందు కలపరాదు" అని పంపాడు. దానికి పడినన్ని గుండె గుర్తులు ఆ గ్రూపు చరిత్రలో ఇంకే మెసేజీకీ పడలేదు.

చివరికి అడ్మిన్ అక్క న్యాయంగా ఆలోచించి ఓటింగు పెట్టింది. ఒకటి: వేసుకోవచ్చు; రెండు: వేసుకోకూడదు; మూడు: తెలీదు కానీ మేం మీ వెంటే ఉన్నాం. మూడోది అఖండ మెజారిటీతో గెలిచింది!

ప్రపంచంలో ఇంకెక్కడైనా ఒక యాంటీబయాటిక్కు ఎన్నికల్లో నిలబడిందా? చెప్పండి!

ప్రజాతీర్పుని గౌరవించి టీచరమ్మ మాత్ర వేసుకోలేదు. ఎందుకైనా మంచిదని నొప్పి ఉన్న పక్క పాలివ్వడం కూడా మానేసింది. పళ్లు బిగించి కాసిని పిండి సింకులో పోసింది. తెల్లగా, పల్చగా ఆ పాలు జాలీలోకి జారిపోతుంటే కుళాయి తిప్పుకుని దాని చప్పుడులో ఏడ్చింది. ఈ ముక్క నాకు వాళ్ల అత్తగారు తర్వాత చెప్పారు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూశారట.

"పోనీ వేసేసుకో" అన్నాడు భర్త. ఫోను టింగుమంది. చదివాడు. "పోనీ వద్దులే" అన్నాడు. మళ్లీ టింగుమంది.

"మీరా ఫోను అవతల పెట్టకపోతే లిఫ్టులో పెట్టి తాళం వేస్తాను" అంది టీచరమ్మ. అంత జ్వరంలోనూ ఆ గొంతుకి ఆయన నిటారుగా నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం ఇంకా పెరిగింది. చెయ్యి పైకెత్తలేకపోయింది. పిల్ల ఆకలికి ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది. "నొప్పి భరించలేకపోతున్నాను, ఏం చెయ్యను?" అని గ్రూపులో పెట్టింది. అప్పటికి గ్రూపు చాలా దూరం వెళ్లిపోయింది. పిల్లల తల చదునుగా ఉంటే తప్పా, ఒప్పా అన్న దాని మీద హోరాహోరీగా ఉంది. అయినా మానవత్వం చచ్చిపోలేదండీ! ముగ్గురు దండాల బొమ్మ పెట్టారు. ఒకరు కండలు తిరిగిన చెయ్యి పెట్టారు. "యూ ఆర్ ఎ స్ట్రాంగ్ మమ్మీ" అని ఒకావిడ రాసి, దాని కిందే "ఎవరి దగ్గరైనా పాత ఊయల ఉందా?" అని అడిగింది.

టీచరమ్మ ఫోను బోర్లా పెట్టేసింది.

అత్తగారు వచ్చి పక్కన కూర్చుని పిల్లని భుజాన వేసుకున్నారు. అంతవరకు ఆవిడ ఈ వ్యవహారంలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడకి స్మార్టు ఫోను లేదు కనక ఓటు హక్కు కూడా లేదు.

"ఏదీ, చూడనీ" అన్నారు. చూశారు. "నాకూ ఇలాగే అయిందమ్మా. మీ ఆయన పుట్టినప్పుడు."

"మీకా? ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎవరు అడిగారని? మందు పడితే బిడ్డకి చేటన్నారు. ఊరుకున్నాను. ఊరుకుంటే లోపల గడ్డయి చీము పట్టింది. కోసి తీశారు. ఆ తర్వాత ఇక వాడికి నా పాలు లేవు." ఆవిడ జాకెట్టు అంచు కాస్త పక్కకి జరిపి చూపించారు. సన్నగా, పాత మచ్చ. "నాకు అడగడం తెలీదే అమ్మాయ్. నీకు తెలుసు కదా! బడంతా దద్దరిల్లేలా అరుస్తావు కదా! ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యి."

ఫోన్ చేసింది. డాక్టరమ్మే ఎత్తింది.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"లేదండీ. గ్రూపులో వద్దన్నారు."

"ఏ గ్రూపు? బ్లడ్ గ్రూపా?"

టీచరమ్మ ఏడ్చేసింది. దాంతో డాక్టరమ్మ గొంతు మారింది. "చూడమ్మా, నువ్వు పాలిస్తున్నావని అడిగాకే, దానికి తగినది చూసి రాశాను. ఇది పాలల్లోకి వెళ్లేది చాలా తక్కువ. అవసరమైతే పసిపిల్లలకే ఈ మందు చుక్కల్లో ఇస్తాం. పాపకి విరేచనాలైనా, ఒంటి మీద దద్దుర్లు లేచినా నాకు చెప్పు. పాలు ఆపావా?"

"ఆ పక్క ఆపాను."

"అదే కొంప ముంచేది. నిలవుంటే గడ్డ కడుతుంది. ఇప్పుడే మాత్ర వేసుకో, పాపకి పట్టు, సాయంత్రం వచ్చి కనిపించు."

"ఇవన్నీ నిన్నే ఎందుకు చెప్పలేదండీ?" అంది టీచరమ్మ. కళ్లు తుడుచుకుని అడిగింది, గట్టిగానే అడిగింది.

"బయట చాలామంది ఉన్నారమ్మా" అంది డాక్టరమ్మ. ఆ మాట ఆవిడకే నచ్చినట్టు లేదు. "చెప్పాల్సింది" అంది.

టీచరమ్మ మాత్ర మింగింది. పిల్లకి పట్టింది. సాయంత్రం వెళ్లి చూపించుకుంది. చీము పట్టలేదు, అదృష్టం. క్రమంగా జ్వరం దిగింది, వాపు తీసింది. పిల్లకి ఏమీ కాలేదు. పాల మీద పాలు తాగి అమ్మ భుజమ్మీద కక్కింది, ఎప్పట్లాగే.

కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే నాకు బాధ ఉండేది కాదు. ఆగలేదు.

కొన్నాళ్లకి ఆ గ్రూపులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి రాసింది. కాన్పయ్యాక మనసు బాగుండడం లేదట, ఊరికే ఏడుపొస్తోందట, డాక్టరు మాత్రలు రాసిందట, పాలిస్తూ వేసుకోవచ్చా అని. గ్రూపు ఉత్సాహంగా పనిలోకి దిగింది. "మాత్రలెందుకు సిస్టర్, బాబు నవ్వు చూడండి, అదే మందు!" ఫార్వర్డు బాబాయి సూర్యుణ్ణి బయటికి తీశాడు.

టీచరమ్మ టైపు చేసింది: "ఇక్కడ అడగొద్దమ్మా. మాత్రలు రాసినావిణ్ణే అడుగు. నీకు అర్థమయ్యేదాకా అక్కణ్ణుంచి కదలకు. అడక్కుండా మాత్రం మానెయ్యకు."

ఎంత దురుసు! గ్రూపు వాతావరణం కలుషితమైందని అడ్మిన్ అక్క ఆవిణ్ణి తక్షణం తొలగించింది. సరైన పనే చేసింది. అందరూ ఇలా డాక్టర్ని అడగమంటే ఇక గ్రూపెందుకు?

కానీ ఆ అమ్మాయి టీచరమ్మకి విడిగా ఫోన్ చేసింది. "అక్కా, నాకు ఒక్కదాన్నే వెళ్లి అడగాలంటే నోరు రాదు. మీరు కూడా వస్తారా?"

ఆ అమ్మాయికి మాత్రలు రాసిందీ మా వీధి చివర డాక్టరమ్మేనట. ఇద్దరూ ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని ఆవిడ గదిలోకి వెళ్లారు. నేను బయట వరసలో ఉన్నాను, మోకాలు నొప్పితో. వెళ్లినవాళ్లు ఎంతకీ రారు! లోపల్నుంచి ఒకసారి ఏడుపు వినిపించింది. తర్వాత డాక్టరమ్మ గొంతు, నెమ్మదిగా, చాలాసేపు. ఆ తర్వాత, మీరు నమ్మరు, ముగ్గురాడవాళ్లు కలిసి నవ్విన చప్పుడు. వరసలో ఉన్న మేమంతా మండిపడ్డాం. పేషెంటుతో డాక్టరు మాట్లాడుతూ కూర్చోవడం ఏమిటండీ? ఇలా ఒక్కొక్కరి భయమూ అడిగి తెలుసుకుంటూ పోతే, రాత్రింబవళ్లు కష్టపడి ఉచితంగా సలహాలిచ్చే లక్షలాదిమంది రోడ్డున పడరా?

ఆ అమ్మాయి బయటికొచ్చింది. మొహం ఉబ్బి ఉంది కానీ చీటీని గట్టిగా పట్టుకుని నేరుగా మందుల షాపు వైపు నడిచింది. ఫోను తియ్యలేదు.

నా వంతు వచ్చింది. డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసి, తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఇంతవరకు దీనికి ఏం వాడారు? ఎవరు చెప్పారు?" అంది.

నాకు మా రిటైరైనవాళ్ల గ్రూపు కళ్ల ముందు మెదిలింది. అందులో చెప్పినవి చెప్పినట్టు అన్నీ చేశాకే నేనిలా కుంటుతున్నానన్న మాట ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. తలుపు వైపు చూశాను. బయట జనం గొణుగుతున్నారు.

"పర్లేదు," అంది డాక్టరమ్మ, కలం పక్కన పెట్టి. "చెప్పండి."

చెప్పడం మొదలుపెట్టాను.